డిక్కీ తియ్యమంటే ఏం చూపించాలి, ఏం అడగాలి

నేను వకీలును కాను. కర్నూలు కోర్టులో ఒక క్రిమినల్ లాయరు దగ్గర గుమాస్తాను. పట్టుబడిన బండిని విడిపించే పిటిషన్లు టైపు చేయించడం, స్టేషన్ నుంచి కోర్టుకు రావాల్సిన కాగితాలు వచ్చినాయా లేదా అని అడిగి రావడం, జామీనుదార్లను పొద్దున్నే లేపి తోలుకురావడం నా పని. పోలీసు తనిఖీ అంటే నాకు లాఠీ, టార్చిలైటు గుర్తుకు రావు, పంచనామా, అంటే వెతికినప్పుడు సాక్షుల ముందు రాసే కాగితం గుర్తుకొస్తుంది. ఈ రాసేదంతా ఆ వైపు నుంచే.

మార్కెట్ యార్డు నుంచి ఉల్లిగడ్డ తోలే బొలెరో డ్రైవర్లు, ఆదోని పత్తి లారీల వాళ్లు, మంత్రాలయానికి కిరాయి తిప్పే ట్యాక్సీ పిల్లోళ్లు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, వారెంటు లేకుండా బండి ఎట్లా వెతుకుతారు?" వెతకొచ్చు. చాలా సందర్భాల్లో చట్టమే ఆ అధికారం ఇచ్చింది. కాకపోతే ఎవరు వెతకాలి, ఎందుకు వెతకాలి, వెతికేముందు, వెతికినాక ఏమేం రాయాలి అనే దగ్గర అదే చట్టం పోలీసు చేతులు కట్టింది. ఆ కట్టు ఎక్కడుందో తెలిసినోడికి రోడ్డు మీద గొంతు పెంచే పని ఉండదు.

ఆపడం, చూడడం, వెతకడం

ఈ మూడూ ఒకటి కావు. డ్రైవర్లు వీటిని కలిపేసుకుని, అడ్డం తిరగాల్సిన పని లేని చోట అడ్డం తిరుగుతారు, అడగాల్సిన చోట నోరు మూసుకుంటారు.

యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపితే బండి ఆపాలి, లైసెన్సు చూపించాలి. మోటారు వాహనాల చట్టం, 1988లో 130వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, కిరాయి బండికైతే ఫిట్‌నెస్, పర్మిట్ చూపించడానికి 158వ సెక్షన్ ఉంది. ఇందులో వాదించేదేమీ లేదు. ఒరిజినల్ కాగితాలే కావాలని ఎవరైనా పట్టుబడితే, డిజిలాకర్‌లో గానీ ఎం-పరివాహన్‌లో గానీ ఉన్నది చూపించండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ రూలు ప్రకారం అది చెల్లుతుంది. ఫోన్ గ్యాలరీలో దాచుకున్న ఆర్‌సీ ఫొటో మాత్రం చెల్లదు. మన పిల్లోళ్లలో సగం మంది దగ్గర ఉండేది అదే.

తాగినారేమో ఊదమంటే ఊదాలి, దానికి 203వ సెక్షన్ ఉంది. బండి తాళం పీక్కోమని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా రాసి లేదు. లైసెన్సు లేకపోతే, నడిపేవాడికి వయసు చాలకపోతే, రిజిస్ట్రేషన్ లేకపోతే, పర్మిట్ లేకుండా తిప్పుతుంటే 207వ సెక్షన్ కింద బండిని నిలిపేయొచ్చు. రసీదు అడిగి తీసుకోండి.

ఇక చూడడం. రాత్రిపూట ఎస్సై గారు అద్దంలోంచి టార్చి వేసి సీటు మీద ఏముందో చూస్తే అది తనిఖీ కిందికి రాదు. కంటికి కనిపించేదాన్ని చూడొద్దని ఏ చట్టమూ చెప్పదు. డిక్కీ తియ్యమనడం, టార్పాలిన్ విప్పమనడం, సీటు కింద చెయ్యి పెట్టడం, బ్యాగు జిప్పు లాగడం, ఇదీ వెతకడం. చలానా రాసే అధికారంతో పాటు ఈ అధికారం దానంతట అది రాదు. దానికి వేరే సెక్షన్ కావాలి.

185, 106

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 165 ఇప్పుడు 185 అయింది. మోటారు వాహనాల చట్టంలో తాగి నడిపే సెక్షన్ కూడా 185వదే. "185 అంట, తాగినానని రాసినారు" అని ఏడుస్తూ వచ్చినవాడి కాగితం చూస్తే అది తనిఖీ సెక్షన్ అయి ఉంటుంది. కాగితం మీద ఏ చట్టం పేరుందో ముందు చూడండి.

ఈ 185 చెప్పేది ఇది. స్టేషన్ ఇన్‌చార్జి గానీ కేసు దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ, దర్యాప్తుకు కావాల్సిన వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండి, వారెంటు కోసం పోతే ఆలస్యమై అది చేజారుతుంది అనుకుంటే వారెంటు లేకుండా వెతకొచ్చు. చట్టంలో "చోటు" అంటే ఇల్లు, గుడారంతో పాటు వాహనం, పడవ కూడా. అందుకే ఇంటికి వర్తించే కట్టుబాట్లు బండికీ వర్తిస్తాయి. ఆ నమ్మకానికి కారణం ఏమిటో, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో ముందే రాసి పెట్టాలి. తనిఖీని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా సరే. రాసిన దాని నకలు 48 గంటల్లోపల మేజిస్ట్రేటుకు చేరాలి. అధికారి తాను స్వయంగా రాలేకపోతే ఆ సంగతి రాసి, కిందివాళ్లకు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి పంపాలి. అంటే స్టేషన్‌కు ఫోన్ కూడా చేయకుండా ఒక హోంగార్డు లోడు విప్పమంటే అది 185 కింద జరిగే తనిఖీ కాదు. ఆ మాట వాడి ముఖం మీద అనమని కాదు. "ఎస్సై గారు వస్తే విప్పుతాను సార్, తాడు కట్టడానికి మళ్లీ మనుషులు కావాలి" అంటే సరిపోతుంది. లోడు బండికి ఆ మాట నిజం కూడా.

అదే సంహితలోని 106 సంగతి వేరే. పోలీసు ఎవరైనా, అంటే కానిస్టేబులైనా సరే, దొంగిలించినదని అనుమానం ఉన్నదాన్నో, నేరం జరిగిందేమో అనిపించే పరిస్థితిలో కనిపించినదాన్నో స్వాధీనం చేసుకోవచ్చు. పాత 102 ఇదే. పైఅధికారికి చెప్పాలి, మేజిస్ట్రేటుకు రిపోర్టు పంపాలి. ఈ నంబరు వింటేనే డ్రైవర్లకు గుండె ఆగుతుంది, ఎందుకంటే 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆపేసింది భారతీయ న్యాయ సంహిత, అంటే పాత ఐపీసీ చోట వచ్చిన చట్టంలోని 106 మీద. గుద్ది చెప్పకుండా పారిపోతే పదేళ్లు అన్నది ఆ చట్టంలోది, అందులోనూ ఆ రెండో ఉపసెక్షన్‌ను అమలులోకి తేకుండా ఆపి పెట్టినారు. మీ సీజర్ (స్వాధీనం) కాగితం మీద ఉండే 106 నాగరిక్ సురక్షా సంహితది. భయపడొద్దు, చదవండి.

గంజాయి కేసు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మామూలు కేసులో బండి పోతుంది, ఈ కేసులో మనిషే పోతాడు. వాణిజ్య పరిమాణం అంటే గంజాయికి 20 కిలోల పైన. అంత సరుకు కేసు పడితే పదేళ్లకు తక్కువ శిక్ష లేదు, బెయిలుకు ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల చట్టంలోని 37వ సెక్షన్ అడ్డం. 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు నుంచి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరుకు పోతుంది. ఆ దారిలో "ఈ బస్తా గుత్తిలో దించేయన్నా, మా బావమరిది వస్తాడు" అని ముఖం తెలియనోడు అంటే ఆ బస్తా ఎక్కించుకోవద్దు. ఇది చట్టం కాదు, నా మాట.

ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో బండిని వారెంటు లేకుండా వెతికే అధికారం 42, 43, 49 సెక్షన్లలో ఉంది. 42 కింద కానిస్టేబులుకు ఆ అధికారం లేదు, అంతకు పై ర్యాంకు, దానికోసం అధికారం పొందిన వాళ్లు కావాలి. ముందే సమాచారం వచ్చి ఉంటే దాన్ని రాసి 72 గంటల్లో పైఅధికారికి పంపాలి. పొద్దు గుంకినాక, తెల్లారేలోగా వెతికితే వారెంటు ఎందుకు తెచ్చుకోలేకపోయినారో కూడా రాయాలి. బహిరంగ స్థలంలో అయితే 43 వర్తిస్తుంది, దానికి ఈ రాతకోతలు లేవు. మరి రోడ్డు మీద నిలిపిన సొంత జీపు బహిరంగ స్థలమా? 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు కాదన్నది. సొంత బండి ప్రజా రవాణా వాహనం కాదు కాబట్టి 42 పాటించాల్సిందే, పాటించలేదు కాబట్టి నిందితులు నిర్దోషులు అని తీర్పిచ్చింది. మీ బండి తెల్ల ప్లేటా (సొంతం), పసుపు ప్లేటా (కిరాయి) అనేది వకీలుకు మొదటే చెప్పండి. మేము ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాం.

ఒంటి మీద వెతికేముందు 50వ సెక్షన్. గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో తనిఖీ చేయించుకునే హక్కు మీకు ఉందని పోలీసు చెప్పాలి. చెప్పకుండా ఒంటి మీద వెతికి తీసినదాన్ని మీ దగ్గర దొరికిందని చెప్పడానికి వాడుకోలేరు. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో ఒకసారి, ఆ తర్వాత విజయసింహ్ జడేజా కేసులో ఇంకోసారి రాజ్యాంగ ధర్మాసనాలే ఆ మాట చెప్పినాయి. కానీ ఇది ఒంటికే. బ్యాగుకు, డిక్కీకి, లోడుకు వర్తించదు. ఫైళ్లలో నాకు మాటిమాటికీ కనిపించే కాగితం ఒకటుంది. "నాకు గెజిటెడ్ అధికారి అవసరం లేదు, మీరే తనిఖీ చేసుకోండి" అని టైపు చేసి, కింద వంకరటింకర సంతకం. సంతకం చేసినవాణ్ణి అడిగితే "అదేదో హాజరు కాగితం అనుకున్నా సామీ" అంటాడు. ఆ కాగితం మీ ముందుకు వస్తే తొందరేమీ లేదు. "తహసీల్దారు గారిని పిలిపించండి సార్, ఆయన ముందే చూసుకోండి" అనండి. అది అడిగినందుకు మీ మీద కొత్త సెక్షన్ ఏదీ పడదు.

కడప వైపు, ముఖ్యంగా రాజంపేట దారిలో, ఎర్రచందనం సంగతి వస్తుంది. అక్కడ పోలీసులే కాదు, అటవీ అధికారులకు కూడా బండిని ఆపి స్వాధీనం చేసుకునే అధికారం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టంలో ఉంది. పక్క రాష్ట్రం మందు విషయంలో ఎక్సైజు వాళ్లకు వాళ్ల చట్టం ఉంది. పంచలింగాల దగ్గర తుంగభద్ర దాటి వచ్చేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

వే బిల్లు అడిగేది ఎవరు? సరుకు విలువ 50,000 దాటితే జీఎస్టీ కింద ఈ-వే బిల్లు ఉండాలి, దాన్ని తనిఖీ చేసేది జీఎస్టీ శాఖ అధికారి. ఉల్లిగడ్డ, టమాటా లాంటి పచ్చి సరుకుకు ఆ బిల్లే అక్కర్లేదు. అయినా మార్కెట్ తక్‌పట్టీ, అంటే యార్డులో సరుకు అమ్మినట్టు ఇచ్చే చీటీ ఒకటి జేబులో ఉంచుకోండి, ఎన్నికలప్పుడు అదే కాపాడుతుంది. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50,000 పైన నగదు పట్టుకుపోతుంటే లెక్క చూపించాలి. పత్తికొండ రైతు యార్డులో గడ్డలు అమ్మి లక్ష రూపాయలు రుమాల్లో కట్టుకొని ఇంటికి పోతుంటే, ఆ డబ్బు తనదేనని చెప్పే కాగితం తక్‌పట్టీ ఒక్కటే. డబ్బు తీసుకుంటే రసీదు ఇవ్వాలి, విడిపించడానికి జిల్లాలో కమిటీ ఉంటుంది. ఆడవాళ్ల చేతిసంచి మహిళా అధికారి లేకుండా చూడకూడదని ఎన్నికల సంఘం నిబంధనల్లోనే ఉంది. మామూలు రోజుల్లో కూడా ఆడమనిషి ఒంటి మీద వెతకాల్సి వస్తే ఆడమనిషే, మర్యాద తప్పకుండా వెతకాలి.

రోడ్డు పక్కన ఎట్లా మాట్లాడాలి

యూట్యూబులో అమెరికా వీడియోలు చూసి "నేను ఒప్పుకోను" అని చేతులు కట్టుకొని నిలబడే పిల్లోళ్లు ఈ మధ్య ఎక్కువైనారు. అక్కడ తనిఖీ తప్పయితే దొరికినది సాక్ష్యం కింద నిలవదని వాళ్ల ధైర్యం. మన దగ్గర అట్లా లేదు. 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, తనిఖీలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన సరుకు సాక్ష్యంగా పనికిరాకుండా పోదు. ఎన్‌డీపీఎస్ 50 లాంటివి దానికి మినహాయింపులు. తనిఖీని చేత్తో అడ్డుకుంటే న్యాయ సంహిత 221, తోపులాట జరిగితే 132 మీ మీద పడతాయి. దొరికింది ఏమీ లేకపోయినా ఆ కేసు మాత్రం మిగిలిపోతుంది.

కాబట్టి అడ్డుకోవద్దు, అడగండి. ఇంజన్ ఆపి, లోపల లైటు వేసి, చేతులు స్టీరింగు మీద పెట్టండి. "సార్, ఏ కేసు మీద చూస్తున్నారు?" ఇది మొదటి ప్రశ్న. "మీ పేరు, స్టేషన్ చెప్పండి సార్, ఓనరుకు చెప్పుకోవాల" ఇది రెండోది. ఓనరు పేరు పెట్టి అడిగితే ఎవరికీ కోపం రాదు, నేను చాలామందికి ఇదే నేర్పించినా. మూడోది, "వీడియో తీస్తున్నారు కదా సార్?" వెతికి స్వాధీనం చేసుకునేదంతా వీడియోలో రికార్డు కావాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది, ఆ రికార్డింగు ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పోవాలి. వాళ్లు తీయకపోతే మీరు తీసుకోవచ్చు, బహిరంగ స్థలంలో డ్యూటీలో ఉన్న పోలీసును తీయకూడదనే మామూలు చట్టమేదీ లేదు. కాకపోతే ఫోను వాళ్ల ముఖంలో పెట్టి సినిమా చేయొద్దు. డ్యాష్‌బోర్డు మీద నిలబెడితే చాలు.

వెతుకుతున్నంతసేపూ మీరు పక్కనే ఉండాలి. ఆ హక్కు అదే సంహిత 103వ సెక్షన్‌లో ఉంది. "నువ్వు అటు పో" అంటే "ఇక్కడే నిలబడతా సార్, తాళాలు తియ్యాల కదా" అనండి.

ఫోను తెరిచి వాట్సాప్ చూపించమంటే? బండి తనిఖీ పేరు మీద ఫోనులోని మెసేజీలు చదివే అధికారం ఇచ్చే సెక్షన్ నాకు కనపడలేదు. కేసు కట్టి, ఫోనును సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటే అది వేరే దారి, దానికి మళ్లీ పంచనామా కావాలి. "కేసు ఉంటే రాసి తీసుకోండి సార్" అని మెల్లగా అనండి.

పంచనామా చదవడం

దీన్ని మా వైపు మధ్యవర్తుల నామా అని కూడా అంటారు. ఇద్దరు స్వతంత్ర సాక్షులు ఉండాలి. మన జిల్లాల్లో ఎక్కువగా వీఆర్వోలనే పిలుస్తారు. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎంత తూకం, ఎన్ని గంటలకు, ఎట్లా సీలు వేసినారు, ఇవన్నీ అందులో ఉండాలి. నకలు మీకు ఇవ్వాలి.

సంతకం పెట్టేముందు నేను చూడమనేది మొదట సమయం. ఒక కేసులో పంచనామా ప్రకారం తనిఖీ రాత్రి జరిగింది, అదే బండి ఆ తర్వాత అమకతాడు టోల్‌గేటు దాటినట్టు ఓనరు ఫోన్లో ఫాస్టాగ్ మెసేజ్ ఉంది. క్రాస్‌లో, అంటే కోర్టులో ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, మా సార్ ఆ ఒక్క మెసేజ్ మీద అధికారిని చాలాసేపు నిలబెట్టినారు. ఫాస్టాగ్ మెసేజీలు తుడిచేయొద్దు, టీ అంగట్లో ఫోన్‌పే కొట్టిన రుజువు కూడా తుడిచేయొద్దు. తర్వాత ఖాళీలు. తూకం దగ్గర, సాక్షుల పేర్ల దగ్గర ఖాళీ ఉంటే సంతకం పెట్టొద్దు, గీత కొట్టమని అడగండి. చదువు రాకపోతే చదివి వినిపించమనండి, వినిపించినట్టు రాయమనండి.

"నేరం ఒప్పుకొని, సరుకు చూపించినాడు" అనే వాక్యం పంచనామాల్లో తరచుగా దూరుతుంది. పోలీసు ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యంగా చెల్లదు, సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అది. కానీ ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతవరకు వాడుకోవచ్చు. అందుకే ఏమీ అనకుండా ఉండడం మంచిది. సాక్షిగానో నిందితుడిగానో దర్యాప్తులో ఇచ్చే వాంగ్మూలం మీద అసలు సంతకమే తీసుకోకూడదు, నాగరిక్ సురక్షా సంహిత 181 చూడండి.

బండి పోయినాక

అరెస్టు చేస్తే 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఆ నిమిషం వృథా చేసుకోవద్దు. కొట్టినారా, ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారా, సాక్షులు అక్కడ ఉన్నారా లేదా, నోరు తెరిచి చెప్పండి. మేజిస్ట్రేటు అడిగినప్పుడు "ఏమీ లేదు మేడమ్" అని, మరుసటి రోజు మా దగ్గరికి వచ్చి అంతా చెప్పేవాళ్లకు మా సార్ పెద్దగా చేయగలిగింది ఉండదు.

బండి విడిపించడానికి అదే సంహిత 497, 503 కింద పిటిషన్ వేస్తాం. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఓనరు ఆధార్, ఇద్దరు జామీనుదార్లు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు, స్టేషన్లలో బండ్లను నెలల తరబడి తుప్పు పట్టనివ్వొద్దు, ఫొటోలు తీసుకొని బాండు మీద ఇచ్చేయండి అని చెప్పింది. కొత్త చట్టంలో ఫొటో, వీడియో తీసే మాట నేరుగా రాసినారు. ఫైనాన్సు బండి అయితే కంపెనీ నుంచి అభ్యంతరం లేదనే లెటరు ముందే తెచ్చుకోండి, కోర్టు అడుగుతుంది. ఎర్రచందనం, మందు కేసుల్లో శాఖ అధికారి దగ్గర జప్తు విచారణ విడిగా నడుస్తుంది, కోర్టుకు పోతే సరిపోదు, ఆ నోటీసుకు కూడా జవాబు ఇవ్వాలి.

చాలామందికి తెలియని కాగితం ఒకటి ఉంది. 185 కింద తనిఖీకి రాసిన కారణాల నకలు మేజిస్ట్రేటు దగ్గరికి పోతుంది కదా, దాన్ని ఆ చోటు యజమాని దరఖాస్తు పెట్టుకుంటే ఉచితంగా ఇవ్వాలి. బండి కూడా చోటే కాబట్టి ఓనరు అడగొచ్చు. కేసు లేకుండా ఊరికే వెతికి వదిలేసినా అడగొచ్చు. ఆ కోర్టుకు ఏ కాగితమూ రాలేదంటే అదీ మీకు ఆధారమే, ఎస్పీ ఆఫీసులో సోమవారం తీసుకునే అర్జీకి, కాగితం రాలేదని కోర్టు రాసిచ్చిన ఎండార్స్‌మెంట్ జత చేయండి. ఎన్‌డీపీఎస్ పేరు చెప్పి కారణం లేకుండా వేధించడానికే వెతికి ఉంటే ఆ చట్టంలోనే 58వ సెక్షన్ ఉంది, అధికారికి ఆరు నెలల జైలో వెయ్యి రూపాయల జరిమానానో రెండూనో పడొచ్చు.

వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును పెడతారు. పోయేటప్పుడు పంచనామా నకలు, ఫాస్టాగ్ మెసేజీల స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసుకొని పోండి, ఫోన్లో చూపిస్తే ఫైల్లో పెట్టలేం.